ఛాంబర్‌లో పట్టని తూటా, ఇంట్లో తెగని మాట

చందంపేట మండలంలోని ఒక పల్లెలో పుట్టి, దేవరకొండలో చదువుకొని, చాలా ఏళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. గ్రీన్ కార్డు వచ్చాక ఆయన .308 విన్చెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి కొన్నారు. సెలవు రోజుల్లో రేంజ్‌కు, చలికాలంలో తెలిసినవారి పొలాల్లో అడవిపందుల వేటకు వెళ్లడం అలవాటైంది. తూటాల ఖర్చు పెరగడంతో, పేలిన ఇత్తడి గొట్టాలను మళ్లీ నింపుకొనే సామగ్రి తెచ్చి గ్యారేజీలో బల్ల వేసుకున్నారు. ఈ పని నేర్పినవారు పాలమూరు వైపు నుంచి తనకంటే ముందే వెళ్లి స్థిరపడిన ఒక పెద్దమనిషి. ఈయన ఆయనను అన్నా అని పిలుస్తారు. ఆ అన్న రేంజ్‌లో ఏరిన ఖాళీ గొట్టాలు ఒక సంచి నిండా ఇచ్చారు. వాటిని తన గొట్టాలతో కలిపి నింపితే కొన్ని తూటాలు సాఫీగా ఛాంబర్‌లోకి, అంటే నాళం వెనుక తూటా కూర్చొనే అరలోకి, పోతున్నాయి, కొన్నింటికి తూటాను లోపలికి తోసి మూసే బోల్ట్ పిడి సగంలోనే ఆగిపోతోంది.

"అరచేత్తో గట్టిగా ఒత్తు, ఒక్కసారి పేలిందంటే అదే నీ తుపాకీ కొలతకు వస్తుంది" అన్నారట అన్న. అలా ఒత్తి ఒకటి పేల్చారు. బోల్ట్ ఎత్తడానికి కష్టమైంది, బయటకు వచ్చిన గొట్టం అడుగున, మందుకు నిప్పంటించే ప్రైమర్ చదునుగా అణిగిపోయి ఉంది. విషయం తెలిసిన భార్య, ఐదేళ్ల పాప ఉన్న ఇంట్లో ఈ సామాను ఉండటానికి వీల్లేదని, అన్నీ అమ్మేయమని పట్టుబట్టారు. వీడియోలలో ఒకాయన గొట్టం అడుగును మరింత బిగువుగా నొక్కే అచ్చు, "స్మాల్ బేస్ డై", కొనమంటున్నాడు. ఊళ్లో ఉన్న నాన్నగారికి లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది. పల్లి చేనును పందులు దున్నేస్తున్నాయి, తూటాలు దొరకడం కష్టంగా ఉంది కాబట్టి దసరాకు వచ్చేటప్పుడు తూటాలు నింపే ఆ మిషను వెంట తెమ్మని ఫోను చేస్తున్నారు. "అన్న మాట కాదంటే ఆయన నొచ్చుకుంటారు, భార్య మాట కాదంటే ఇంట్లో శాంతి ఉండదు, నాన్న మాట కాదంటే అమెరికా పోయి మారిపోయాడంటారు. ఎవరి మాట వినాలి?" అని అడిగారు.

మీ ఉత్తరంలో మనుషుల గొడవ ఎక్కువగా, తూటా గొడవ తక్కువగా ఉంది. నేను తూటా నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవాటిలో సగం వాటంతట అవే తేలుతాయి. అయితే అంతకన్నా ముందు ఒక పని ఉంది. నింపి ఉంచిన తూటాల్లో గట్టిగా పట్టినవి ఇంకా మీ దగ్గర ఉన్నట్టు రాశారు. వాటిని పేల్చకండి. కొలత సరిచేద్దామని మళ్లీ సైజింగ్ డైలోకి, అంటే గొట్టాన్ని నొక్కి కొలతకు తెచ్చే అచ్చులోకి, అసలే ఎక్కించకండి. లోపల మందూ, ప్రైమరూ ఉన్న తూటాను ప్రెస్‌లో, అంటే ఆ నింపే మిషనులో, నొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సుత్తి ఆకారంలో ఉండే బుల్లెట్ పుల్లర్ తక్కువ ధరకే దొరుకుతుంది. కంటికి అద్దాలు పెట్టుకొని దానితో గుండునూ మందునూ వేరు చేసి, గొట్టాలను ఒక పక్కన పెట్టండి.

ఇక అన్న చెప్పిన మాట. అందులో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కొని ఆ ఆకారం తీసుకుంటుందన్నది నిజమే. కానీ అది ఛాంబర్ కంటే చిన్నగా ఉన్న గొట్టానికి వర్తించే సూత్రం. ఛాంబర్ కంటే పెద్దగా ఉన్నదాన్ని బోల్ట్‌తో ఒత్తి లోపలికి దూర్చినప్పుడు, ఆ ఒత్తిడి అంతా బోల్ట్‌ను మూసి పట్టి ఉంచే లగ్‌ల మీద పడి అవి ఒరుసుకుపోతాయి. అంతకంటే చెడ్డ సంగతి, అలా బిగుసుకున్న తూటాను పేల్చకుండా బయటకు తీయాలంటే ఒక్కోసారి రాదు. ఇంకా పేలని తూటా ఇరుక్కున్న తుపాకీని చేతిలో పట్టుకొని రేంజ్‌లో నిలబడాల్సి వస్తుంది. బోల్ట్ పిడి మామూలుగా రెండు వేళ్లకు లొంగాలి. లొంగడం లేదంటే ఎక్కడో కొలత తప్పింది, ఆ చోటేదో కనిపెట్టడమే మీ పని.

కనిపెట్టడానికి కొత్త సామాను ఏదీ కొనక్కరలేదు. నల్ల మార్కర్ పెన్ను చాలు. ముందు ఛాంబర్‌ను శుభ్రంగా తుడవండి. మసి, పాత గ్రీజు కూడా ఇలాంటి బిగువు తెస్తాయి. మీ రైఫిల్ మాన్యువల్‌లో చూపిన పద్ధతిలో బోల్ట్ నుంచి ప్రైమర్‌ను గుద్దే ఫైరింగ్ పిన్‌ను, వీలైతే గొట్టాన్ని బయటికి విసిరే ఎజెక్టర్‌ను విప్పేయండి. స్ప్రింగుల ఒత్తిడి పోయాక బోల్ట్ పిడి తన బరువుకే కిందికి వాలుతుంది, అప్పుడు అతి చిన్న అడ్డంకి కూడా చేతికి తెలుస్తుంది. మందు, ప్రైమర్ లేని ఖాళీ గొట్టానికి గుండును పట్టే మెడ, దాని కింద ఏటవాలుగా ఉండే భుజం, ఒళ్లు, అడుగు దాకా మార్కర్ పూసి, ఆరనిచ్చి, ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మూసి తీయండి. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ రాసుకుంటోందన్నమాట. భుజం చుట్టూ చెరిగితే భుజం వెనక్కి సరిగా జరగలేదు. అడుగు అంచుకు కాస్త పైన చెరిగితే గొట్టం అడుగు భాగం ఉబ్బి ఉంది. మూతి అంచున చెరిగితే గొట్టం పొడవెక్కింది. ఖాళీగా ఉన్నప్పుడు సాఫీగా పోయి, గుండు కూర్చాకే పట్టేస్తుంటే తప్పు సైజింగ్‌ది కాదు, గుండు కూర్చే డైది. అది అవసరమైనదానికంటే కిందికి దిగి, మూతిని నొక్కుతూ భుజం కింద గొట్టాన్ని పొంగిస్తూ ఉండవచ్చు, లేదా గుండు మరీ బయటికి ఉండి నాళం గాడులకు తగులుతూ ఉండవచ్చు. రెండోది నిజమైతే గుండు మీద సన్నని గీతలు కనిపిస్తాయి. ఈ పరీక్షకు మందు లేని, ప్రైమర్ లేని నమూనా తూటా ఒకటి చేసుకోవాలి, నింపిన తూటాతో ఇంట్లో ఈ ప్రయోగం వద్దు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం భుజం మీదే ఉంది, కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. .308 గొట్టం ఛాంబర్‌లో నిలిచేది భుజం ఆధారంగా. సైజింగ్ డై గొట్టాన్ని ఒకేసారి అన్ని వైపులా నొక్కదు. ముందు ఒంటిని పిండుతుంది. పిండిన ఇత్తడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా, అది పైకి పొంగి భుజాన్ని ముందుకు తోస్తుంది. డై ఇంకా కిందికి వచ్చి దాని లోపలి భుజం గొట్టం భుజానికి తగిలినప్పుడే దాన్ని వెనక్కి నెడుతుంది. డై ఒక వెంట్రుక వాసి ఎత్తులో ఉండి ఆ రెండో పని పూర్తి కాకపోతే, సైజు చేసిన గొట్టం సైజు చేయని గొట్టం కంటే పొడవైన భుజంతో బయటికి వస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు ఇక్కడే తికమక పడతారు. మీ తుపాకీలోనే పేలిన గొట్టం సైజు చేయకముందు సులువుగా పోయి, చేశాక పట్టేస్తోందంటే కారణం ఇదేనని దాదాపుగా ఖాయం చేసుకోవచ్చు.

డైని, గొట్టం అడుగును పట్టుకొనే షెల్ హోల్డర్‌కు తగిలేలా బిగించానని మీరు రాశారు. ఖాళీ ప్రెస్‌లో తగిలి ఉంటుంది. గొట్టం లోపల ఉండగా పిడి పూర్తిగా దించి, టార్చిలైటు వేసి ఆ రెండింటి మధ్య చూడండి. సన్నని వెలుతురు గీత కనిపిస్తే, భారం పడినప్పుడు ప్రెస్ సాగి డై పైకి లేస్తోందని అర్థం. అప్పుడు డైని కిందికి తిప్పాలి, అయితే ఎంత తిప్పాలన్నది లెక్కతో తెలుసుకోండి. ఈ డైల మరకు అంగుళానికి 14 చుట్లు ఉంటాయి, అంటే ఒక పూర్తి చుట్టుకు డై సుమారు 0.071 అంగుళం దిగుతుంది. మీకు కావలసింది పేలిన గొట్టం భుజం కొలత కంటే 0.002 అంగుళం వెనక్కి. అది చుట్టులో ముప్పయ్యారో వంతు, పది డిగ్రీలు. "ఎనిమిదో వంతు తిప్పు" అని చెప్పేవారు దాదాపు 0.009 అంగుళం దించమని చెబుతున్నారన్నమాట. కాలిపర్‌కు తగిలించి భుజం దాకా కొలిచే కంపారేటర్ ముక్క ఒకటి కొనుక్కుంటే ఈ కొలత ఊహ కాకుండా చేతిలోకి వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీరు డబ్బు పెట్టవలసిన వస్తువు నా దృష్టిలో అదొక్కటే.

భుజాన్ని ఎక్కువ నెడితే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. అప్పుడు తూటా హాయిగా లోపలికి పోతుంది, కాబట్టి అంతా బాగుందనుకుంటారు. పేలిన ప్రతిసారీ గొట్టం ఆ ఖాళీని నింపడానికి సాగుతుంది, అడుగుకు కాస్త పైన గోడ పల్చబడుతుంది, చివరికి ఒక రోజు అక్కడే తెగుతుంది. తెగినప్పుడు వేడి వాయువు బోల్ట్ మీదుగా ముఖం వైపు రావచ్చు. బయట ఆ చోట మెరిసే ఉంగరంలా గీత కనిపించినా, కొస వంచిన పేపర్ క్లిప్పును లోపల గోడ వెంట లాగితే అక్కడ గుంతలా తగిలినా, ఆ గొట్టాన్ని చెత్తలో వేయండి.

ఇప్పుడు ఆ సంచి. రేంజ్‌లో ఏరిన గొట్టాల్లో చాలావరకు వేరే ఎవరి తుపాకీలోనో పేలినవి, వాటిలో సెమీ ఆటోమేటిక్‌లలో పేలినవీ, సైన్యానికి చేసిన 7.62×51 గొట్టాలూ ఉండవచ్చు. వదులు ఛాంబర్‌లలో పేలినవి మీ ఛాంబర్ కంటే ఉబ్బి ఉంటాయి. ఎన్నిసార్లు పేలాయో తెలియదు. ఇత్తడి పేలి, నొక్కి, మళ్లీ పేలినకొద్దీ గట్టిపడుతుంది, నొక్కినా తిరిగి పొంగుతుంది. సైనిక గొట్టాల గోడ సాధారణంగా మందంగా ఉంటుంది కాబట్టి లోపలి చోటు తగ్గుతుంది, అదే తూకం మందు వేసినా ఒత్తిడి పెరుగుతుంది. మీ దగ్గర చదునైన ప్రైమర్‌కు ఇది ఒక కారణం కావచ్చు. మూతి పొడవెక్కడం మరో కారణం కావచ్చు. .308 గొట్టం 2.015 అంగుళాలు దాటకూడదు, కత్తిరిస్తే 2.005కు కత్తిరిస్తారు, అదీ సైజు చేశాక కొలిచి. దాటితే మూతి ఛాంబర్ అంచుకు గుద్దుకొని గుండును పట్టి ఉంచుతుంది, గుండు వదలక ఒత్తిడి ఎగుస్తుంది. మీ ఉత్తరంలో సైజింగ్ గురించి పేజీన్నర ఉంది గానీ గొట్టం పొడవు కొలిచినట్టు ఒక్క మాట లేదు. ఇకపై ప్రతి గొట్టాన్నీ కొలవండి, మందు తూకాన్ని అచ్చయిన లోడింగ్ పట్టికలోని ప్రారంభ తూకానికి దించి మొదలుపెట్టండి.

మీకు దారులు నాలుగు కనిపిస్తున్నాయి. సంచిని పక్కన పెట్టి, మీ తుపాకీలోనే పేలిన గొట్టాలతో మాత్రమే పని చేయడం మొదటిది. తూటాలు తక్కువ అవుతాయి, చిక్కులు అంతకంటే ఎక్కువ తగ్గుతాయి. సంచిని ఉంచుకొని, తయారీదారు ముద్ర ప్రకారం వేరు చేసి, డైని సరిచేసి ఒక్కొక్కటీ పరీక్షించుకోవడం రెండోది. సమయం ఉన్నవారికి ఇందులో నేర్చుకొనేది చాలా ఉంది, కానీ ఇంట్లో గొడవ నడుస్తున్నప్పుడు గ్యారేజీలో ఇంకా ఎక్కువ గంటలు గడపడం మీకు మేలు చేస్తుందని నేననుకోను. స్మాల్ బేస్ డై మూడోది; మార్కర్ రంగు అడుగు దగ్గర చెరిగితేనే అది ఉపయోగం, భుజం దగ్గర చెరిగితే ఆ డబ్బు దండగ, పైగా ప్రతిసారీ ఇత్తడిని అవసరానికి మించి పిండి దాని ఆయుష్షు తగ్గిస్తుంది. కొట్టులో కొన్న కొత్త తూటాలు కూడా మీ ఛాంబర్‌లో పట్టేస్తుంటే మాత్రం ఈ మూడూ వదిలేసి నాలుగో దారిగా తుపాకీని గన్‌స్మిత్‌కు చూపించండి. ఛాంబర్ లోతును పరీక్షించే కొలత దిమ్మెల్లో 1.630 అంగుళాల గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 1.634 నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. ఆ పరీక్ష ఆయన కొన్ని నిమిషాల్లో చేస్తారు. నేనైతే మొదటి దారిని ఎంచుకుంటాను.

అన్నకు ఏం చెప్పాలన్నది అంత కష్టమైన సంగతి కాదు. "మీ మాట తప్పు" అనక్కరలేదు. మార్కర్ చెరిగిన గొట్టం ఒకటి ఆయన చేతిలో పెట్టి, "అన్నా, ఇది భుజం దగ్గర పడుతోంది, చూడండి" అంటే, పని తెలిసిన మనిషైతే ఆయనే మీకంటే ముందు డై విప్పుతారు. అప్పటికీ ఒత్తి మూయమంటే ఆయన దగ్గర సలహాలు తీసుకోవడం మానేసి పండగ భోజనాలకు మాత్రం వెళ్లండి.

మీ బల్ల దగ్గర కూర్చొనే ఇంకో మిత్రుడు హెచ్-1బి వీసా మీద ఉన్నారని మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు. అది వదిలేసే విషయం కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి తాత్కాలిక వీసా ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. టెక్సస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి హంటింగ్ లైసెన్సు అక్కరలేదు కాబట్టి మనవాళ్లు చాలామంది అది తీసుకోవడం మానేస్తున్నారు. రాష్ట్రానికి అక్కరలేకపోయినా, మీ మిత్రుడికి ఫెడరల్ చట్టం దగ్గర ఆ కాగితమే రక్ష. అది తెచ్చుకొనేదాకా ఆయనను ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి. మీరు నింపిన తూటాలు ఎవరికీ అమ్మకండి కూడా. సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, వ్యాపారంగా అమ్మడానికి కావాలి.

మీ భార్య మాటకు వస్తే, ఆవిడ భయం మందు అంటుకుంటుందని, తుపాకీ పాప చేతికి చిక్కుతుందని. ఆ భయాలకు తాళం ఉన్న అల్మరా, మందును దాని అసలు డబ్బాలోనే ఉంచడం, ప్రైమర్లను వేరే చోట దాచడం వంటి జవాబులు ఉన్నాయి. ఆవిడకు బహుశా తెలియని భయం ఇంకొకటి ఉంది, అదే నాకు ఎక్కువ. పేలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. గొట్టాలను తోమే టంబ్లర్ మూత తీసినప్పుడు లేచే దుమ్ములో అది కలిసి ఉంటుంది. మీ వాషింగ్ మెషిన్ కూడా ఆ గ్యారేజీలోనే ఉందని రాశారు. చిన్న పిల్లల మెదడుకు సీసం చేసే హాని చాలా కొద్ది మోతాదులోనే మొదలవుతుంది. టంబ్లర్‌ను ఇంటి బయట పెట్టుకోండి, లేదా నీళ్లలో కడిగే రకానికి మారండి, ఆ నీళ్లను వంటింటి సింకులో పోయకండి, పని అయ్యాక చేతులు కడిగి బట్టలు మార్చుకొని గానీ పాపను ఎత్తుకోకండి. ఈ విషయం ఆవిడకు మీరే చెప్పండి. చెబితే ఆవిడ "అయితే అమ్మేయండి" అనవచ్చు. పాప పెద్దయ్యేదాకా బల్ల మూసి, కొన్న తూటాలతో తక్కువగా కాల్చడం కూడా ఒక మంచి ఏర్పాటే. దాచిపెట్టి కొనసాగించడం ఒక్కటే నేను సమర్థించలేనిది.

నాన్నగారి విషయంలో మాత్రం ఇలా రెండు మూడు దారులు చూపించలేను. మన దేశంలో ఆయుధ చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తుపాకీ ఉంచుకొనే లైసెన్సు తయారీ లైసెన్సు కాదు. ఆ చట్టం "తూటా" నిర్వచనంలోనే తూటా భాగాలను, తూటాలు తయారు చేసే యంత్రాలను కూడా చేర్చింది, కాబట్టి మీరు సామానులో తెచ్చే ప్రెస్ కూడా చట్టం దృష్టిలో దాదాపు తూటాతో సమానమే, దాన్ని లైసెన్సు లేకుండా దేశంలోకి తేవడం ఇంకో నేరం. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి ఏడేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. డబ్బై దాటిన మనిషిని ఆ దారిలోకి తీసుకెళ్లకండి.

ఆయన ఎందుకు అంత తేలిగ్గా అడుగుతున్నారో నాకు అర్థమవుతుంది. మన ప్రాంతంలో ఆ తరం వాళ్లు మూతి నుంచి నింపే భర్మార్ తుపాకీలో చేతి అందాజతో నల్లటి తుపాకీ మందు పోసి, గుడ్డ దట్టించి, గుండు వేయడం చూస్తూ పెరిగారు. .315 రైఫిల్ మందు ఆ మందు కాదు; అందాజ తప్పితే తుపాకీయే పగులుతుంది. పైగా .315 గొట్టం ఛాంబర్‌లో నిలిచేది అడుగున ఉన్న వెడల్పు అంచు మీద, మీ .308లా భుజం మీద కాదు. మీ డై, మీ కొలతలు ఏవీ దానికి పనికిరావు. ఈ మాట ఆయనకు చట్టం కంటే బాగా ఎక్కవచ్చు.

ఆయనకు ఉన్న అవసరం నిజమైనదే, దానికి చేయగలిగినవి ఉన్నాయి. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది; ఆ సంఖ్య చాలకపోతే పెంచమని కలెక్టర్ కార్యాలయంలో అర్జీ పెట్టవచ్చు, మీరు వచ్చినప్పుడు ఆయనను వెంటబెట్టుకొని వెళ్లి ఆ కాగితాలు పూర్తి చేయండి. పంట రక్షణకు తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదని, వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరేగా ఉండాలని కూడా ఆయనకు చెప్పండి. చాలామంది రైతులు ఈ రెండూ ఒకటేననుకుంటారు. పల్లి చేను చుట్టూ సోలార్ కంచె వేయడానికి మీరు ప్రెస్ మీద పెట్టే డబ్బు కొంతవరకు సరిపోతుంది. కరెంటు తీగ మాత్రం వేయనివ్వకండి, దానివల్ల పందుల కంటే ముందు మనుషులు పోతున్నారు.

చివరగా మీ ప్రయాణం సంగతి. రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని విమానానికి వాడకండి. వాడక తప్పకపోతే ప్రతి అరనూ తిరగేసి దులపండి, కోటు జేబులు, బూట్ల లోపల కూడా చూడండి. శంషాబాద్‌లో స్కానర్ కింద ఒక్క తూటా గానీ, ఖాళీ గొట్టం గానీ కనిపించినా పండగ మూడు రోజులూ పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది.